స్వరశుద్ధి

కంటికి రెప్ప ఉన్నది, చెవికి లేదు. ఇష్టం లేని దృశ్యం ఎదురైతే క్షణంలో కన్ను మూసుకోగలం. ఇష్టం లేని శబ్దం నుంచి అంత సులభంగా తప్పించుకోలేం. బహుశా అందువల్లనే కావచ్చు, వీడియోలో బొమ్మ కొంత మసకగా ఉన్నా సహించే ప్రేక్షకుడు, మాట స్పష్టంగా వినిపించకపోతే ఎక్కువసేపు ఓర్చుకోలేడు. బొమ్మ కదులుతున్నదని ఎవరూ లేచిపోరు. గాయకుని గొంతు గాలిహోరులో మునిగిపోతే మాత్రం వినేవాడు విసుగుతో లేచిపోతాడు.

నేను వృత్తిరీత్యా తెలుగు అధ్యాపకుడిని. ధ్వనిశాస్త్ర నిపుణుడిని కాను. 2020లో కళాశాలలు మూతపడినప్పుడు పాఠాలను వీడియోలుగా చిత్రించి విద్యార్థులకు పంపవలసి వచ్చింది. ఆ అవసరం నాకు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను పరిచయం చేసింది. దృశ్యాలను కత్తిరించి అతికించడం పది రోజులలో పట్టుబడింది. గొంతును బాగుచేయడం మాత్రం ఈనాటికీ నేర్చుకుంటూనే ఉన్న విద్య. ఈ విద్యలో సాంకేతిక పరిజ్ఞానం సగమైతే, వివేకం మిగిలిన సగం. ఎంత తీసివేయాలో చెప్పేది మొదటిది. ఎక్కడ ఆగాలో చెప్పేది రెండవది. ఈ రెండవ సగాన్ని నాకు నేర్పినది ఒక పాట. దానిని గురించి చెప్పే ముందు, గొంతును భద్రపరచాలన్న మానవ ప్రయత్నాన్ని ఒక్కసారి స్మరించుకోవడం ఉచితం.

థామస్ ఆల్వా ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును రూపొందించేవరకు మానవ కంఠధ్వని పుట్టినచోటనే గిట్టేది. మన దేశంలో 1902వ సంవత్సరంలో గ్రామఫోన్ కంపెనీవారు కలకత్తాలో ప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ పాటలను రికార్డు చేశారు. అప్పటికి రికార్డింగులో మైకు వాడుక లేదు. గాయని ఒక పెద్ద బూర వంటి గొట్టంలోకి గొంతెత్తి పాడితే, ఆ గాలి కదలికకు సూది కంపించి మైనపు పళ్ళెం మీద గాడిని గీసేది. గంటసేపు విస్తరించవలసిన రాగం సుమారు మూడు నిమిషాలలో ఒదిగిపోవలసి వచ్చేది. 1925 ప్రాంతంలో మైకుతో, విద్యుత్తు సహాయంతో రికార్డు చేసే పద్ధతి వాడుకలోకి వచ్చిన తరువాత గాని మెల్లగా పాడే గొంతుకు రికార్డులో చోటు దొరకలేదు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కాలంలో నటీనటులు నటిస్తూనే స్వయంగా పాడుకోవలసి వచ్చేది. 1948లో విజయవాడలో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. శబ్దం చొరని గోడల నడుమ, శిక్షణ పొందిన సిబ్బంది పర్యవేక్షణలో గాయకులు పాడే అవకాశం తెలుగునాట విస్తరించింది.

ఈ చరిత్ర అంతటిలో ఒక సూత్రం కనిపిస్తుంది. ఆ రోజులలో గొంతు యంత్రం దగ్గరకు నడిచి వెళ్ళవలసి వచ్చేది. ఈ రోజులలో యంత్రమే గొంతు దగ్గరకు వస్తున్నది. ప్రతి జేబులోనూ ఒక మైకు, ఒక కెమెరా ఉన్నాయి. పాడేవారి కోసం మౌనంగా ఎదురుచూసే గది మాత్రం లేదు. మన పాటలు వంటింట్లో, వరండాలో, పెళ్ళిపందిట్లో, తిరిగే ఫ్యాను కింద రికార్డవుతున్నాయి. స్టూడియో చేయవలసిన పనిని తరువాత కంప్యూటరు ముందు కూర్చున్నవాడు చేయవలసి వస్తున్నది.

మా పెద్దమ్మది తెనాలి దగ్గరి ఒక పల్లెటూరు. ఆమె చదివినది అయిదవ తరగతి. కంఠస్థం చేసినవి లెక్కలేనన్ని స్త్రీల పాటలు. వాటిలో ‘ఊర్మిళాదేవి నిద్ర’ ఆమెకు ప్రాణం. లక్ష్మణుడు అన్నావదినల వెంట అడవికి వెళ్ళిన పధ్నాలుగు సంవత్సరాలూ నిద్రలోనే గడిపిన ఊర్మిళ కథ అది. తెలుగు లోగిళ్ళలో ఆడవారు తమలో తాము పాడుకుంటూ తరతరాలుగా కాపాడుకున్న పాట. దానికి అచ్చుప్రతులు ఉన్నాయి. కాని మా పెద్దమ్మ పాడే పాఠంలో, అచ్చులో కనిపించని కొన్ని చరణాలు ఉండేవి. అవి తన అత్తగారి నోట విన్నవని ఆమె చెప్పేది.

2019 సంక్రాంతికి అందరూ ఇంట చేరినప్పుడు, ఆమె మనవడు తన సెల్‌ఫోనులో ఆ పాటను చిత్రించాడు. 38 నిమిషాల వీడియో. పెద్దమ్మ వరండాలో పీట మీద కూర్చుని ఉన్నది. ఫోను సుమారు రెండు మీటర్ల దూరంలో కిటికీ గూట్లో ఉన్నది. పైన ఫ్యాను తిరుగుతున్నది. లోపల వంట జరుగుతున్నది. ఎవరూ దానిని చారిత్రక ఘట్టంగా భావించలేదు. 2021లో పెద్దమ్మ కన్నుమూసింది. 2023లో ఆ పాటను అక్షరరూపంలో పెట్టాలని మా అమ్మ సంకల్పించింది. అక్క పాడిన చరణాలన్నీ ఆమెకు పూర్తిగా రావు. వీడియో తెరిచి వింటే కొన్నిచోట్ల ఫ్యాను హోరు తప్ప మాట వినిపించదు. పాడినవారు లేరు, మళ్ళీ పాడించడం అసాధ్యం. ఆ 38 నిమిషాలలో ఉన్నది ఎంతో, మాకు మిగిలినదీ అంతే. ఆ పని నాకు అప్పగించబడింది.

పని మొదలుపెట్టే ముందు గొంతు ఎలా నిర్మితమైనదో తెలుసుకోవాలి. మానవ శ్రవణేంద్రియం సుమారు 20 హెర్ట్జ్‌ల నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు గల కంపనాలను గ్రహిస్తుంది. హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం. మామూలుగా మాట్లాడేటప్పుడు పురుషుని స్వరతంత్రులు సెకనుకు సుమారు 85 నుంచి 180 సార్లు, స్త్రీ స్వరతంత్రులు సుమారు 165 నుంచి 255 సార్లు కంపిస్తాయి. ఇది గొంతుకు పునాది. దీనిపై అనేక ఉపస్వరాలు అంతస్తులుగా లేస్తాయి. అచ్చుల నిండుదనం కింది అంతస్తులలో ఉంటుంది. హల్లుల స్పష్టత 2,000 హెర్ట్జ్‌లకు పైన ఎక్కువగా నివసిస్తుంది. శ, ష, స అనే ఊష్మాల బుసబుసలు 5,000 నుంచి 8,000 హెర్ట్జ్‌ల ప్రాంతంలో ప్రబలంగా ఉంటాయి. ప, బ, భ వంటి ఓష్ఠ్యాలను పలికినప్పుడు పెదవుల నుంచి వెలువడే గాలి మైకును తాకి ‘ధబ్’మనే మోతను పుట్టిస్తుంది. వ్యాకరణ తరగతిలో మనం వల్లించే వర్ణ విభాగం కంప్యూటరు తెరపై రంగుల పటంగా కనిపిస్తుందన్న సంగతి నాకు పరమానందం కలిగించింది. మన పూర్వులు నాలుకతో, చెవితో కనుగొన్న దానిని ఈ పటం కంటికి చూపుతున్నది.

కంప్యూటరు ఈ కంపనాలను అంకెలుగా మార్చి దాచుకుంటుంది. వీడియోలలో సాధారణంగా సెకనుకు 48,000 సార్లు ధ్వనిని కొలుస్తారు. కొలిచిన సంఖ్యలో సగం వరకు, అనగా 24,000 హెర్ట్జ్‌ల వరకు, ధ్వనిని నమోదు చేయడానికి వీలుంటుంది. మన వినికిడికి అది చాలు. అయితే నమోదు కాని దానిని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తీసుకురాలేదు. ఈ వాక్యాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. నా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మొదట చేయవలసిన పని అసలు వీడియోకు నకలు తీసి, మూలాన్ని వేరొక చోట భద్రపరచడం. తాళపత్రాన్ని పరిష్కరించే పండితుడు మూలపత్రం మీద గంటం పెట్టడు. నకలు మీదనే పని చేస్తాడు. ధ్వని పరిష్కర్తకూ అదే నియమం. రెండవది, చెవికి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఏ మార్పూ చేయకుండా, ఆసాంతం వినడం. నేను ఆ పాటను మూడుసార్లు విన్నాను. మొదటిసారి పాట విన్నాను. రెండవసారి పాట వెనుక ఉన్న శబ్దాలను విన్నాను. మూడవసారి కాగితం మీద నిమిషం, సెకను వేసి దోషాల పట్టిక రాసుకున్నాను. ఫ్యాను హోరు మొదటి నుంచి చివరిదాకా ఉన్నది. కరెంటు గుంయ్‌మనే సన్నని నాదం దానితో కలిసి ఉన్నది. మాట వెనుక గోడల ప్రతిధ్వని ఉన్నది. పద్దెనిమిదవ నిమిషంలో వంటింట్లోని కుక్కరు కూత ఒకటి సరిగ్గా ఒక చరణం నడుమ పడింది.

మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుని తిరిగి వస్తుంది. అందువల్ల విద్యుత్ పరికరాల గుంయ్‌కారం 50 హెర్ట్జ్‌ల వద్ద, దాని గుణిజాలైన 100, 150 హెర్ట్జ్‌ల వద్ద పేరుకుంటుంది. పెద్దమ్మ గొంతు పునాది అంతకు పైన ఉన్నది కనుక, 90 హెర్ట్జ్‌లకు కింద ఉన్నదంతా తగ్గించే ఫిల్టరును పెట్టాను. దానివల్ల గొంతుకు నష్టం లేదు. ఎవరో గది తలుపు మూసినట్లు అడుగున ఉన్న మోత తగ్గిపోయింది. 100, 150 హెర్ట్జ్‌ల వద్ద మాత్రం సూదిమొన అంత సన్నని కోతలు పెట్టాను. ఇంతవరకు పని సుగమం. శత్రువు ఎక్కడ ఉన్నాడో కచ్చితంగా తెలిసిన యుద్ధం ఇది.

ఫ్యాను గాలి హోరు అలాంటిది కాదు. అది ఒక చోట నిలవదు. అడుగు నుంచి అంచు దాకా అన్ని కంపనాలలోనూ పొడిలా పరచుకుని ఉంటుంది. దానిని తొలగించడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక ఉపాయం ఉన్నది. గాయని పాడకుండా ఊరుకున్న ఒకటి రెండు సెకన్ల భాగాన్ని ఎంచి, ‘ఇదే హోరు, దీనిని గుర్తుపెట్టుకో’ అని సాఫ్ట్‌వేర్‌కు చూపుతాం. అది ఆ నమూనాను మొత్తం పాటలో నుంచి తీసివేస్తుంది. వినడానికి ఇది మంత్రంలా తోస్తుంది. కాని గొంతు ఉన్న కంపనాలలోనే హోరూ ఉన్నది కదా! హోరును గట్టిగా తీసివేస్తే దానితోపాటు గొంతు కూడా కొంత పోతుంది. మిగిలిన గొంతు నీళ్ళ అడుగు నుంచి పలికినట్లు గుడగుడలాడుతుంది.

కళ్ళంలో ధాన్యాన్ని తూర్పారబట్టడం చూసినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. గాలి మరీ తక్కువైతే తాలు పోదు. మరీ ఎక్కువైతే తాలుతోపాటు గట్టిగింజ కూడా ఎగిరిపోతుంది. అనుభవజ్ఞుడైన రైతు గాలి వాలును చూసి చేట ఎత్తు మార్చుకుంటాడు. ధ్వనిలో హెచ్చుతగ్గులను డెసిబెల్ అనే ప్రమాణంతో కొలుస్తారు. నేను హోరును ఒకేసారి 24 డెసిబెళ్ళు తగ్గించే బదులు, 5 డెసిబెళ్ళ చొప్పున రెండు విడతలుగా తగ్గించాను. హోరు పూర్తిగా పోలేదు. దూరంగా జరిగింది. దూరంగా ఉన్న హోరును చెవి తనంతట తానే పక్కన పెడుతుంది, మాటను అందుకుంటుంది.

ఇక్కడ మన భాషకు సంబంధించిన ఒక ముఖ్య విషయం చెప్పాలి. గొంతు వినిపించని వేళల్లో ధ్వనిని పూర్తిగా మూసివేసే ‘గేటు’ అనే సాధనం ఒకటి ఉన్నది. శబ్దం ఒక స్థాయికి తగ్గగానే అది తలుపు మూస్తుంది. హల్లుతో ముగిసే పదాలు ఎక్కువగా గల భాషలలో అది తెచ్చే చిక్కు ఒక రకం. తెలుగు అజంత భాష. మన పదాలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. పదం చివర అచ్చు మెల్లగా సన్నగిల్లుతూ గాలిలో కలుస్తుంది. తొందరపడి మూసుకునే గేటు ఆ చివరి అచ్చును కొరికివేస్తుంది. ‘రాముడు’ ‘రాముడ్’ అవుతాడు. ‘రామా’ అన్న పిలుపు ‘రామ’ అన్న పేరుగా మిగులుతుంది. హ్రస్వదీర్ఘాల భేదంతో అర్థం మారే భాషలో ఇది చిన్న లోపం కాదు. అందువల్ల నేను గేటును వాడలేదు. పదాంతంలోని అచ్చు పూర్తిగా అణగేదాకా వేచి, ఆ తరువాతి విరామంలో మాత్రమే చేతితో ధ్వనిని కొద్దిగా తగ్గించాను. 38 నిమిషాల పాటకు ఈ ఒక్క పనే నాలుగు రాత్రులు తీసుకున్నది.

తరువాతి పని ఈక్వలైజరుతో. 300 హెర్ట్జ్‌ల పరిసరాల్లో గది ప్రతిధ్వని పేరుకుని గొంతు కుండలో నుంచి వచ్చినట్లు ఉన్నది. అక్కడ 3 డెసిబెళ్ళు తగ్గించాను. హల్లులు నివసించే 3,000 హెర్ట్జ్‌ల దగ్గర 2 డెసిబెళ్ళు పెంచాను. ‘ల’కూ ‘ళ’కూ, ‘న’కూ ‘ణ’కూ గల తేడా మళ్ళీ చెవికి అందింది. ఆ పెంపు వల్ల సకారాలు కొంచెం గుచ్చుకున్నాయి. ఊష్మాలను మాత్రమే అణచే మరొక సాధనంతో వాటిని మెత్తబరచాను. దానిని అతిగా వాడితే ‘సీత’ నోరు తిరగని పిల్లవాడు పలికినట్లు అవుతుంది.

ఆ తరువాత కంప్రెసరు. పాటలో కొన్ని మాటలు బిగ్గరగా, కొన్ని గుసగుసగా ఉంటాయి. ఒక హద్దును నిర్ణయించి, దానికి మించిన ధ్వనిని మూడింట ఒక వంతుకు కుదించమంటే, 9 డెసిబెళ్ళు మించినది 3 డెసిబెళ్ళే మించుతుంది. అప్పుడు మొత్తం ధ్వనిని పెంచితే గుసగుసలు కూడా పైకి వస్తాయి. కాని వాటితోపాటు అణిగి ఉన్న హోరు కూడా పైకి లేస్తుంది. పైగా, గొంతును పూర్తిగా చదును చేస్తే పాటలోని కోపమూ కరుణా ఒకే ఎత్తున నిలబడతాయి. ఊర్మిళ మంచం పక్కన లక్ష్మణుడు మెల్లగా పలికే మాట మెల్లగానే వినిపించాలి. అందుకని ఈ సాధనాన్ని ఉప్పు వేసినట్లు తగుమాత్రంగా వాడాను. ప్రతి సాధనమూ ఒకటి ఇస్తూ ఒకటి తీసుకుంటుంది. ఇచ్చినది కనిపించినంత త్వరగా తీసుకున్నది కనిపించదు.

నేను ఈ విధంగా రాత్రుళ్ళు కూర్చుని ఉండగా పెద్దమ్మ మనవడు హైదరాబాదు నుంచి వచ్చాడు. “ఇంత కష్టం ఎందుకు బాబాయ్? ఇప్పుడు ఒక్క మీట నొక్కితే చాలు, కృత్రిమ మేధే అంతా శుభ్రం చేస్తుంది” అన్నాడు. అతని మాట అసత్యం కాదు. వేలకొలది గంటల మానవ స్వరాలను విని శిక్షణ పొందిన సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. అతడు నా కళ్ళముందే ఆ వీడియోను అటువంటి ఒక దానికి అందించాడు. కొన్ని నిమిషాలలో ఫలితం వచ్చింది. ఫ్యాను లేదు. కుక్కరు లేదు. గోడలు లేవు. స్టూడియోలో పాడినంత తేటగా పాట వినిపించింది. అంతటితో ఆగక, అపస్వరాలను సవరించే మరొక సాధనాన్ని కూడా జోడించాడు. 1997లో మార్కెట్టులోకి వచ్చిన ఆటో-ట్యూన్‌తో ప్రసిద్ధి పొందిన పద్ధతి అది. పాడిన స్వరాన్ని దగ్గరలోని స్వరస్థానానికి లాగి కూర్చోబెడుతుంది.

మేమిద్దరం దానిని మా అమ్మకు వినిపించాం. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది. తరువాత వాటిని తీసి ఒడిలో పెట్టుకుని, “పాట బాగానే ఉంది నాయనా! కాని పాడుతున్నది ఎవరు?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు మనవడు వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. మేము మళ్ళీ విన్నాం. పెద్దమ్మ ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారుతూ వెళ్ళేది. సంగీతజ్ఞులు ‘జారు’ అని పిలిచే గమకానికి దగ్గరగా ఉండే ఆ నడక, పన్నెండు మెట్ల నిచ్చెన మీద దూకుడుగా మారిపోయింది. చరణానికీ చరణానికీ నడుమ ఆమె తీసుకునే దీర్ఘమైన ఊపిరిని యంత్రం హోరుగా భావించి తుడిచివేసింది. డెబ్బై తొమ్మిదేళ్ళ వృద్ధురాలు ఊపిరి తీసుకోకుండా పాడుతున్నది. వయస్సు తెచ్చిన సన్నని వణుకు పోయింది. ఆ వణుకు దోషం కాదు, ఆమె సంతకం.

అంతకన్నా గంభీరమైన విషయం పద్దెనిమిదవ నిమిషంలో ఎదురైంది. పధ్నాలుగేళ్ళ తరువాత తన గదిలో ప్రవేశించిన లక్ష్మణుని, నిద్రలేచిన ఊర్మిళ పరాయివాడనుకుని భయపడే ఘట్టం అది. కుక్కరు కూత పడిన చోటు కూడా అదే. యంత్రం శుభ్రం చేసిన పాటలో అక్కడ కూత లేదు. ఒక మాట వినిపిస్తున్నది. మా అమ్మ పలకమీద రాసే పిల్లలా దానిని ముక్కలు ముక్కలుగా రాసుకుని చూసింది. అది ఆమె ఎరిగిన మాట కాదు. ఆ పాటలో పొసగే మాట కూడా కాదు. అసలు రికార్డులో ఆ చోట గొంతు పూర్తిగా కూతలో మునిగి ఉన్నది. అక్కడ ఏ మాట ఉన్నదో యంత్రానికి తెలియదు. ఖాళీని చూడలేక, మానవ స్వరంలా ధ్వనించే దేనినో అల్లి అక్కడ పెట్టింది. హోరును తీసివేయడం ఒక పని. లేని మాటను ఉన్నదిగా వినిపించడం మరొక పని. మొదటిది పరిష్కరణ, రెండవది ప్రక్షిప్తం. ప్రాచీన కావ్యాలలో లేఖకులు చేర్చిన ప్రక్షిప్తాలను ఏరివేయడానికి పండితులు ఎంత శ్రమించారో మనకు తెలుసు. అదే చిక్కును మన చేతులతో మనమే మన పాటలలోకి తెచ్చుకోవడం న్యాయమా?

ఇందువల్ల కొత్త సాధనాలు పనికిరానివని నేను చెప్పడం లేదు. రహదారి పక్కన నిలబడి వార్త చెప్పే విలేఖరికి, పాఠం రికార్డు చేసుకునే అధ్యాపకునికి అవి గొప్ప వరం. అక్కడ మాట అందడమే ప్రధానం. అవసరమైతే మళ్ళీ చెప్పించవచ్చు కూడా. మళ్ళీ పాడించలేని గొంతు విషయంలో మాత్రం అవి ఇచ్చిన ఫలితాన్ని మూలంతో పోల్చి చూడకుండా స్వీకరించరాదు. మనవడు ఈ మాటను అంగీకరించడమే కాదు, మిగిలిన పనిలో నా పక్కన కూర్చున్నాడు. రెండు చోట్ల ఆ యంత్రం తేల్చి చూపిన అక్షరాలను ఆధారంగా పెట్టుకుని మూలాన్ని మళ్ళీ వింటే, నిజంగానే అక్కడ ఆ అక్షరాలు ఉన్నాయి. ముందు మా చెవికి అందనివి అప్పుడు అందాయి. సాధనాన్ని సాక్షిగా నిలబెట్టవచ్చు. న్యాయమూర్తి పీఠం మీద కూర్చోబెట్టరాదు.

చివరకు మేము తయారుచేసిన పాటలో ఫ్యాను సవ్వడి దూరంగా వినిపిస్తూనే ఉన్నది. పెద్దమ్మ ఊపిరి ఉన్నది. ఒకచోట ఆమె చరణం మరిచిపోయి ఆగితే, పక్కనుంచి మా అమ్మ అందించిన మాట కూడా ఉన్నది. మా అమ్మ తన నోటు పుస్తకంలో పాటను పూర్తిగా రాసుకున్నది. అచ్చులో లేని చరణాలన్నీ అందులోకి చేరాయి. పద్దెనిమిదవ నిమిషం దగ్గర మాత్రం ఒక్క మాట చోటును చుక్కలతో వదిలిపెట్టింది. వీడియో చివర మేము ఏ శబ్దాలను తగ్గించామో, ఏ మాట వినిపించలేదో నాలుగు వాక్యాలలో రాసి పెట్టాం. మూల వీడియోను మార్పు లేకుండా మూడు చోట్ల దాచాం. రేపు మాకన్నా మంచి చెవి, మంచి సాధనం గలవారు వస్తే వారు మూలం నుంచే మొదలుపెట్టగలగాలి.

ఈ అనుభవం నుంచి విద్యార్థులు గ్రహించవలసినది ఒకటి ఉన్నది. గొంతును బాగుచేసే పనిలో పెద్ద భాగం సాఫ్ట్‌వేర్‌లో కాక, రికార్డు చేసే గదిలోనే జరుగుతుంది. ఆరుబయట ధ్వని మూలానికీ మైకుకూ నడుమ దూరం రెట్టింపయిన ప్రతిసారీ గొంతు బలం సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. గదిలో గోడల ప్రతిధ్వని కలిసి ఈ లెక్క కొంత మారినా సూత్రం మారదు. ఫ్యాను హోరు మాత్రం గదిలో అన్నిచోట్లా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. రెండు మీటర్ల దూరంలోని ఫోనును జానెడు దూరానికి తెస్తే గొంతు ఎన్నో రెట్లు బలపడుతుంది, హోరు బలపడదు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. నాలుగు మీటర్ల దూరంలోని గోడను తాకి అది మరలి రావడానికి పట్టేది సెకనులో సుమారు 43వ వంతు. చెవి ఈ మరలి వచ్చిన ధ్వనిని వేరుగా గుర్తించదు. మాట చుట్టూ కమ్మిన మసకగా భావిస్తుంది. గోడకు ఒక దుప్పటి వేలాడదీస్తే, నేల మీద ఒక బొంత పరిస్తే ఆ మసక చాలవరకు తగ్గుతుంది. ఏ ఖరీదైన సాధనమూ చేయలేని మేలును ఇంట్లోని పాత బొంత చేస్తుంది.

మన ఇళ్ళలో ఇంకా జోలపాటలు, అప్పగింత పాటలు, మంగళహారతులు తెలిసినవారు ఉన్నారు. వారి గొంతులు మన సౌకర్యం కోసం ఆగవు. పండుగకు ఇంటికి వెళ్ళినప్పుడు వారిని ఆదరంగా కూర్చోబెట్టండి. ఫ్యాను ఆపండి. వంటింటి తలుపు చేరవేయండి. ఫోనును వారి ముఖానికి జానెడు దూరంలో, నోటికి కొంచెం పక్కగా నిలపండి. రికార్డు మొదలుపెట్టి అరనిమిషం అందరూ మౌనంగా ఉండండి. ఆ గది మౌనం తరువాత హోరును గుర్తించడానికి ఉపకరిస్తుంది. ఆ మౌనం ముగిసిన తరువాత, పాడమని అడగండి.